పడుగునకు పడుగునకు నడుమ
(నేతవారి ఒడంబడికల పూర్వవృత్తాంతము)

మా పాఠశాలలో ఆరవ తరగతి చదువుచుండిన యొక బాలుడు మాఘమాసము మొదలు బడికి రాక మానెను. లెక్కలలో చురుకైనవాడు గావున విచారింపబోయితిమి. తండ్రి గుంటమగ్గము మీద నేయువాడు. పదునైదేండ్లుగా ఒకే షావుకారు నూలిచ్చుటయు, ఈతడు నేసి యిచ్చి కూలి పుచ్చుకొనుటయు జరుగుచున్నది. ఆ షావుకారు రెండు మాసములనుండి నూలిచ్చుట లేదు. అడుగబోయిన ప్రతిమారును 'సరుకు కదలుట లేదు, చూతము' అని మాత్రము చెప్పి పంపుచున్నాడట. మేము వెళ్లినప్పుడు మగ్గపు గుంటలో పిల్లి పండుకొని యుండెను. ఆ గృహస్థు మమ్మడిగిన మాట యిది:

"పంతులుగారూ, ఆయన నన్ను మానుకొమ్మనలేదు, నూలూ ఇవ్వలేదు. నేనిప్పుడు ఆయన మనిషినా, కానా?"

ఈ ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేకపోయెను. షావుకారు పుస్తకములో ఆతని పేర పూర్వపు బయానా కొంత బాకీగా నిలిచియున్నది. అది తీర్చనిదే మరియొకరి నూలు ముట్టుట ఆ యూరి యాచారము గాదు. తీర్చుటకు డబ్బు కావలెను. డబ్బునకు పని కావలెను. పని యిచ్చువాడు ఇయ్యడు. నౌకరుగా నుండినచో తొలగింపు కాగితమైనను చేతికి వచ్చియుండును. ఈతడు నౌకరు గాడు, వ్యాపారియు గాడు. తన యింట, తన మగ్గము మీద, ఆలుబిడ్డల సాయముతో, మరియొకరి కొరకు పనిచేయు స్వతంత్రుడు. ఇట్టి స్వతంత్రునికి పని నిలిచిపోయినప్పుడు, పని యిచ్చుచుండినవాని మీద హక్కేమైన గలదా? పూర్వమైనను ఉండెనా? కొన్ని మాసములుగా తీరిక దొరికినప్పుడెల్ల ఈ విషయమునే వెదకితిమి. దొరికినదానిని చదువరుల ముందుంచుచున్నాము.

మొదట మా చేతికి వచ్చినది కౌటిల్యుని అర్థశాస్త్రము. మైసూరులో శామశాస్త్రిగారు 1909వ సంవత్సరమున దీనిని అచ్చొత్తించువరకు మన పండితులకు ఈ గ్రంథము పేరునకు మాత్రమే తెలిసియుండెను. దాని మూడవ యధికరణమైన ధర్మస్థీయములో కర్మకరులను గూర్చిన ప్రకరణమొకటి గలదు. మన నేతగాని ప్రశ్నయే అందు వేరు మాటలలో చర్చింపబడినది. పనికి సిద్ధమై వచ్చి నిలిచినవానిచేత యజమానుడు పని చేయించుకొననియెడల ఏమగును? చేసినట్లే యెంచవలెనని పూర్వాచార్యులనిరి. కౌటిల్యుడు ఒప్పుకొనలేదు, చేసిన పనికే వేతనము గాని చేయనిదానికి లేదని యాతని మతము. అయితే వెంటనే యొక నియమమును జోడించెను. కొంచెమైనను చేయించి, పిమ్మట చేయింపక మానినచో, పని యంతయు చేసినట్లే భావింపవలెను.

ఈ నియమమును మగ్గమునకు అన్వయించి చూడుడు. పడుగు మగ్గమున కెక్కి నాలుగు మూరలు నేసిన తరువాత షావుకారు పేకనూలు పంపుట మానెనేని, కౌటిల్యుని ధర్మస్థుడు ఆ పడుగంతటికిని కూలి యిప్పించును. పడుగు తెగి, బట్ట యప్పగించి, క్రొత్త పడుగు కొరకు ఎదురుచూచు నేతగానికి మాత్రము చిల్లిగవ్వ యిప్పింపడు. అనగా ఈతని కష్టమంతయు పడుగునకు పడుగునకు నడుమనే పడియున్నది. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొన గోరుదుము. ఇరువది మూడు శతాబ్దముల నాటి ప్రసక్తియైనను కాకున్నను, నేటి చట్టమును ఇంచుమించుగా ఆ గీటు కడనే ఆగియున్నది.

స్మృతులలో నారదుడు రవాణా విషయమున కొంత ముందునకు పోయెను. బండ్లను ఎడ్లను కుదుర్చుకొని సరుకు వేయని వర్తకుడు బాడుగలో నాలుగవ వంతు చెల్లింపవలెను. నడిదారిలో విడిచినచో బాడుగ యంతయు నీయవలెను. యాజ్ఞవల్క్యుడు మెట్లు కట్టెను. పని మొదలుపెట్టునప్పుడే మానినవాడు కూలిలో ఏడవ వంతును, దారిలో మానినవాడు నాలుగవ వంతును, సగము దారిలో మానినవాడు అంతయును నష్టపరిహారముగా నీయవలెనని చెప్పి, చివర రెండు మాటలు చేర్చినాడు: మాన్పించినవానికిని ఇదియే. ఆ రెండు మాటలే మాకు ముఖ్యమైనవి. పనివాడు విడిచిన నెంత తప్పో, పని యిచ్చినవాడు విడిచినను అంతే తప్పని తూనికతో చెప్పిన వాక్యము అది. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్య వ్రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల కాలమువాడు. ఆ ధర్మశాస్త్రమును 13వ శతాబ్దమున మూలఘటిక కేతన తెనుగు పద్యములలోనికి దెచ్చెను. వ్యవహారధర్మము సంస్కృతము రానివారికి గూడ అందవలెనను తలంపు మనలో అప్పుడే కలిగెనన్నమాట.

అన్నియు మన శాస్త్రములలోనే గలవని చెప్పి సంతోషించువారి గుంపులో మేము చేరము. ఆ స్మృతులే ఋణగ్రస్తుని వర్ణమును బట్టి వడ్డి నిర్ణయించినవి. దాసులను భేదములతో లెక్కించినవి. శాస్త్రము వేరు, సంతలోని వ్యవహారము వేరు. కాని మంచి మాట యెచ్చట నున్నను ఏరుకొనుట తప్పు గాదు. అర్థశాస్త్రమునందే సూత్రాధ్యక్షుని ప్రకరణములో, గడప దాటని స్త్రీలకు పరిచారికల ద్వారా నూలుపని పంపి వారి కూలి వారికే యిప్పించు పద్ధతియు, కూలి యిచ్చుటలో జాగుచేసిన యధికారికి దండనయు చెప్పబడినవి. ఈ పత్రికను ఇంటింట చదువు సోదరీమణులు గమనింతురుగాక: నేడు మగ్గమింటిలో కండెలు చుట్టునది, ఆసు పోయునది, గంజి పెట్టునది స్త్రీ. షావుకారు పుస్తకములో పేరుండునది పురుషుడు. పని నిలిచినప్పుడు పస్తుండువారిలో నామె మొదటిది. లెక్కలో నామె లేనేలేదు.

ఇక తెలుగు తీరమునకు వత్తము. 1611వ సంవత్సరమున ఇంగ్లీషువారు మచిలీపట్టణమున కోఠీ పెట్టునప్పటికే డచ్చివారు అచ్చట కుదురుకొని యుండిరి. తరువాతి నూరు నూటయేబది యేండ్లలో పాలకొల్లు, జగన్నాథపురము, భీమునిపట్టణములలో డచ్చివారును, యానాములో ఫ్రెంచివారును, మాధవాయపాలెము, ఇంజరము, బండమూర్లంక, విశాఖపట్టణములలో ఇంగ్లీషువారును కోఠీలు కట్టుకొనిరి. నరసాపురము చెంతనున్న ఆ మాధవాయపాలెము పేరే 'మడపొల్లాము' అను బట్టపేరై సీమలో వ్యాపించెను. వీరందరును కొనునది మన సాలెవారు, దేవాంగులు నేసిన బట్ట. వీరుగాక పారశీకమునకును తూర్పుదీవులకును సరుకు పంపు స్వదేశ వర్తకులును ఉండిరి.

బట్ట కావలసినవాడు ముందుగా బయానా యీయవలెను. నేతగానికి నూలు కొనుటకును, బట్ట దిగువరకు తినుటకును ఆ సొమ్మే యాధారము. కోఠీవారు వర్తకులతోను, వర్తకులు గ్రామములందలి పెద్ద నేతగాండ్రతోను, వారు మగ్గములవారితోను ఒడంబడికలు చేసికొనుచుండిరి. ఇందు విశేషమేమనగా, నాటి యాచారము రెండు పక్షములకు సమానమైనది గాదు; నేతగానివైపు మొగ్గియుండెను. దక్షిణదేశపు నేతవారిని గూర్చి కంపెనీ దస్తావేజులను శోధించి ప్రసన్నన్ పార్థసారథిగారు 2001వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమున ఈ సంగతి స్పష్టముగా నిరూపింపబడినది. నేతగాడు తన కిష్టము లేనప్పుడు బయానా తిరిగి యిచ్చి యొడంబడిక రద్దు చేసికొనవచ్చును. వర్తకునికి అట్టి హక్కు లేదు. ఒకమారు బయానా యిచ్చిన పిమ్మట, సీమలో గిరాకి పడిపోయినదని గాని ఓడ రాలేదని గాని చెప్పి సొమ్ము వెనుకకు అడుగ వీలులేదు. నేసిన బట్టను పుచ్చుకొనియే తీరవలెను.

మేము ఈ వాక్యమును చదివి పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిమి. పని నిలిపినవాని బాధ్యతయను మాట క్రొత్తదని, సీమ చదువులతో వచ్చినదని మాలో మేమనుకొనుచుండినాము. రెండువందల యేబది యేండ్ల క్రిందట మన తీరమున గిరాకి తగ్గుటచేత గలుగు నష్టము కొనువానిదే గాని నేయువానిది గాదు. ఇది యే రాజో దయతో ఇచ్చిన వరము గాదు, ఏ స్మృతినుండి తీసినదియు గాదు. కొనువారు పలువురుండుటయు, నేతగాండ్రు కట్టుబాటు గలిగి యుండుటయు దీనికి గారణములు. ఒక కోఠీ గుమాస్తా దురుసుగా నున్నచో మరునాడు మరియొక కోఠీవాని బయానా సిద్ధముగా నుండెను. మరీ బాధ కలిగినచో మగ్గము విప్పి బండిమీద వేసికొని యూరే విడిచి పోవుచుండిరి. మగ్గములు పోయిన యూరికి పన్ను తగ్గును గావున జమీందారులును వారిని బుజ్జగింపవలసి వచ్చుచుండెను.

అయినను ఆ కాలమును స్వర్ణయుగముగా జిత్రింపదలచుకొనలేదు. కరువు వచ్చినప్పుడు నూలుధర, బియ్యపుధర కలిసి పెరుగును, బయానా తిండికే చెల్లును, బట్ట దిగదు, బాకీ నిలుచును. ఆ బాకీ తండ్రినుండి కొడుకునకు వచ్చుచుండెను. హక్కు గలవాడును ఆకలికి లొంగినవాడే.

ఈ తూనికను తలక్రిందులు చేసినది ధర్మశాస్త్రము గాదు, న్యాయస్థానము గాదు. కొనువాడే రాజగుట. 1765వ సంవత్సరమున ఢిల్లీ పాదుషా ఫర్మానాచేతను, తరువాత 1766, 1768 సంవత్సరములలో నిజాముతో జరిగిన సంధులచేతను ఉత్తర సర్కారులు కంపెనీ వశమయ్యెను. గుంటూరు సర్కారు 1788లో చేరెను. ఆ శతాబ్దపు చివరి భాగమున కంపెనీవారు నడిమి వర్తకులను తొలగించి, తమ వాణిజ్య రెసిడెంటులచేతను గుమాస్తాలచేతను నేతగాండ్రకు నేరుగా బయానాలిప్పింప మొదలిడిరి. నడుమనున్న లాభము నేతగానికి దక్కునని పైకి చెప్పబడెను. దక్కినది కావలి బంట్రోతు. బంగాళములో 1793వ సంవత్సరపు రెగ్యులేషను ఈ పద్ధతిని అక్షరబద్ధము చేసినది: కంపెనీ బయానా పుచ్చుకొన్నవాడు మరెవ్వరికిని నేయగూడదు, గడువునకు బట్ట యీయనిచో వానిమీద బంట్రోతులను పెట్టి త్వరపెట్టవచ్చును, ఇతరులకు అమ్మినచో దివానీ యదాలతులో వ్యాజ్యెము వేయవచ్చును. మన దక్షిణమున నడిచిన పద్ధతిని గూర్చి థామస్ మన్రో 1813లో పార్లమెంటు విచారణలో సాక్ష్యమిచ్చుచు, బారామహలులో కంపెనీ యుద్యోగులు ముఖ్యులైన నేతగాండ్రను పిలిపించి, కంపెనీకి మాత్రమే నేసెదమని యొప్పుకొనువరకు కావలిలో నుంచుచుండిరని చెప్పెను. తరువాత మదరాసు గవర్నరైనవాడే ఇట్లు చెప్పినప్పుడు ఇక సందేహించుట కేమున్నది?

నేతవారు ఊరకుండలేదు. తాటాకు కమ్మల మీద ఊరినుండి ఊరికి వార్తలంపుకొనిరి, మగ్గములు దింపి గుంపులుగా కదలిరి, అర్జీలు వ్రాయించిరి. గోదావరి, విశాఖపట్టణ మండలములందలి యీ యుద్యమములను స్వర్ణలతగారు తమ పరిశోధనలో విస్తరించి వ్రాసినారు. ఆ యర్జీలలో కూలి హెచ్చింపుమను కోరికకంటె, తమకు నచ్చినవారికి నేయనిండను కోరికయే మాకు ఎక్కువ హృదయవిదారకముగా దోచినది. కొనువాడొక్కడే యైనప్పుడు పనివాని స్వాతంత్ర్యము పేరునకు మిగులును. దాని బరువు మాత్రము వాని మీదనే యుండును.

ఒకనికే నేయవలెనని కట్టివేసినవాడు, తాను కొనుట మానునప్పుడు ఆ కట్టుబడినవానికి ఏమి యియ్యవలెను? ఈ ప్రశ్న 1833లో వచ్చినది. 1813వ సంవత్సరపు శాసనముచేత కంపెనీవారి భారతవాణిజ్య గుత్త పోయెను. సీమ మిల్లుబట్ట దిగుమతి యగుచుండగా కోఠీల కొనుగోలు ఏటేట సన్నగిల్లెను. 1833వ సంవత్సరపు చార్టరు శాసనముచేత కంపెనీ వ్యాపారమునే పూర్తిగా మూసివేసి, రాజ్యపాలన మాత్రము మిగుల్చుకొనెను.

ఆ శాసనము నష్టపడువారిని మరచినదని యెవరైన ననుకొందురేమో. ఎంతమాత్రమును మరవలేదు. కంపెనీ వాటాదారులకు 60 లక్షల పౌనుల మూలధనము మీద నూటికి 10½ వంతున, అనగా ఏటికి 6,30,000 పౌనులు, 40 సంవత్సరముల కాలము చెల్లింపవలెనని నిర్ణయించినది. తరువాత నూరు పౌనుల వాటాకు 200 పౌనులిచ్చి తీర్చుకొనవలెను. ఈ సొమ్మెచ్చటిది? భారతదేశపు పన్నులది. వ్యాపారము నిలిచినందున నష్టపడు కంపెనీ యుద్యోగుల కోరికలను విచారించుటకును అందు ఏర్పాటు గలదు. ఓడల కప్తానులకును వారి క్రింది యధికారులకును పరిహారము ముట్టినది. ఆ యేడే అదే పార్లమెంటు బానిసత్వమును రద్దుచేయుచు బానిసల యజమానులకు రెండుకోట్ల పౌనులు పరిహారముగా నిచ్చినదని చదువరులు వినియే యుందురు. నష్టపరిహారమను భావము వారికి తెలియనిది గాదు. ఎవరికి నష్టము కలుగగలదో యను విషయముననే వారికి సంకుచిత దృష్టి.

ఇంజరమునకు నేసినవానికి, మాధవాయపాలెమునకు నేసినవానికి ఆ శాసనములో ఒక్క పంక్తి లేదు. ఒక తరము పొడవున ఇతరులకు నేయగూడదని కాపలా పెట్టిన దొరతనము, ఆ కాపలా తీసివేసి, 'ఇప్పుడు నీవు స్వతంత్రుడవు' అనెను. కొనువారెవరు? డచ్చివారు తమ కోఠీలను వదలుకొని పోయిరి. ఫ్రెంచివారికి యానాములో జెండా మాత్రము మిగిలెను. మగ్గము మీది పన్నైన మొతర్ఫా మాత్రము ఆ శతాబ్దపు నడిమి దాక ఆగక వసూలగుచుండెను. పని యిచ్చుట మానిన చేతులే పన్ను పుచ్చుకొనుట మానలేదు.

కాలమును గూడ చూడుడు. 1832-33 నందన సంవత్సరపు కరువు గుంటూరు సీమను పాడుపెట్టిన దినములవి. జనములో మూడవ వంతునకు తక్కువగాకుండ నశించిరని అంచనా. నేటికిని ముదుసళ్లు డొక్కల కరువని చెప్పుకొనునది అదియే. ధాన్యము దొరకనప్పుడు మొదట పస్తుండువాడు ధాన్యము పండింపనివాడు. సర్ హెన్రీ మాంటుగోమరీ 1844లో రాజమహేంద్రవర మండల దుస్థితిని గూర్చి నివేదించుచు, కంపెనీ బట్టల కొనుగోలు పోవుటను ఆ బీదరికమునకు గల కారణములలో నొకటిగా నెన్నెను. ఆ నివేదికనుండి ధవళేశ్వరపు ఆనకట్ట పుట్టినది. 1847లో పని మొదలై 1852లో ముగిసెను. నీరు వచ్చెను, రైతు బాగుపడెను. కోరంగి రేవునుండి ఓడలెక్కి రంగూనునకు కూలికి పోయినవారి నందరను అచ్చటివారు 'కోరంగీ' లని పిలుచుట మనలో పెద్దవారికి జ్ఞాపకముండును. ఆ యోడలలో చేతికి అచ్చు పట్టిన వాసన పోనివారును ఉండిరనుట మా యూహ మాత్రమే.

తరువాతి చట్టము ఎవరి కొరకు పుట్టినదో కూడ చెప్పవలెను. 1859వ సంవత్సరపు 13వ ఆక్టు, బయానా పుచ్చుకొని పని చేయని పనివానిని మేజిస్ట్రేటు ముందునకు తెప్పించి, పనియైనను చేయుమని సొమ్మైనను తిరిగి యిమ్మని యాజ్ఞాపించి, వినకున్న మూడు మాసముల కఠినశిక్ష వేయించుటకు వీలిచ్చినది. బయానా యిచ్చి పిమ్మట పని చూపని దొరను గాని షావుకారును గాని ఆ మేజిస్ట్రేటు పిలువ వీలులేదు. యాజ్ఞవల్క్యుని 'మాన్పించినవానికిని' అను మాటను ఈ పక్కన బెట్టి చూచినచో శతాబ్దముల తరబడి మనము ఎటు నడచితిమో తెలియును. 1925లో ఈ ఆక్టును కొట్టివేయుటకు శాసనము జరిగి, మరుసటి యేడు అది చచ్చెను. అరువది యారేండ్లు బ్రతికినది!

1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము పక్షపాతము లేనిది. ఎవరు మాట తప్పినను, దానివలన సహజముగా గలుగు నష్టమును ఇచ్చుకొనవలెనని 73వ సెక్షను. ఒకడు తన వంతు పనిని పూర్తిగా నిరాకరించినచో రెండవవాడు ఒడంబడిక ముగిసినట్లు ఎంచవచ్చునని 39వ సెక్షను చెప్పుచున్నవి. నష్టపడినవాడు చేతులు కట్టుకొని కూర్చుండక, నష్టము తగ్గించుకొనుటకు తగిన ప్రయత్నము చేసెనా యనికూడ విచారింతురు. బలవంతముగా పని యిప్పించుట మాత్రము న్యాయస్థానముల యాచారము గాదు. స్వయముగా చేయవలసిన పనికి సంబంధించిన ఒడంబడికలో సొమ్మే పరిహారము. గడువు వ్రాసికొనని దీర్ఘకాలపు వ్యాపార సంబంధమును తగిన ముందుమాట లేక తెంపరాదను సూత్రమును న్యాయస్థానములు పలుమారులు అంగీకరించినవి. ఇవన్నియు మంచివే. అయితే ఒడంబడిక యేది? కాగితమెక్కడ? మన నేతగానికి ప్రతి పడుగును ఒక క్రొత్త ఒడంబడిక. ఒకటి తీరిన తరువాత రెండవది పుట్టువరకు చట్టము దృష్టిలో ఆ యిద్దరును అపరిచితులు. పదునైదేండ్ల సంబంధము పదునైదేండ్లు కాదు. మూడునాలుగు వందల వేర్వేరు పడుగులు.

స్వతంత్ర భారతమున నౌకరీవారికి కొంత రక్షణ కలిగినది. 1953 సవరణచేత, ఫ్యాక్టరీలో పనిలేక కొంతకాలము నిలిపివేయబడిన పనివానికి సగము జీతభత్యములు ఇయ్యవలెనను నియమము వచ్చినది. అది యిప్పుడు 2020వ సంవత్సరపు పారిశ్రామిక సంబంధముల స్మృతిలో జేరినది. యజమానుని మందకొడి వ్యాపారపు బరువులో సగమైనను యజమానుడు మోయవలెనను తలంపు ఇది. ఇంటిలో మగ్గము గలవానికి ఇది వర్తింపదు, వాడు స్వతంత్రుడట!

స్వతంత్రుడెవడు, నౌకరెవడు అను విచారణలో సర్వోన్నత న్యాయస్థానము రెండు మెట్లెక్కినది. ధ్రాంగధ్రా రసాయన కర్మాగారము వ్యాజ్యెములో ఉప్పు పండించు అగరియాలు బయానా పుచ్చుకొని, తమ కుటుంబములతో, కావలెనన్న కూలీలను గూడ పెట్టుకొని పనిచేయువారు. వారు కాంట్రాక్టరులని కంపెనీ వాదము. పని చేయు రీతిమీద కంపెనీకి అదుపు గలదు గావున వారు పనివారేయని 1957లో నివేదితమైన తీర్పు నిలిపెను. తరువాత 1978లో కేరళమునందలి యొక త్రాళ్ల కర్మాగారపు వ్యాజ్యెము వచ్చినది. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారు గావున తన పనివారు గారని చెప్పి యజమానుడు వారికి పని నిరాకరించెను. జస్టిస్ కృష్ణయ్యరుగారు తెరలు తొలగించి చూడుమనిరి. ఎవని చేతిలో వారి జీవనము, నైపుణ్యము, పని కొనసాగుట అనునవి గలవో వాడే నిజమైన యజమానుడని వారి తీర్పు. వాడు గొంతు నొక్కినచో పనివాడు పనిలేనివాడగుచున్నాడా? ఆగుచున్నచో ఇక వేరు పరీక్ష యక్కరలేదు. మా నేతగాని ప్రశ్నకు దీనికంటె దగ్గరగా వచ్చిన సమాధానము మాకు మరియొకటి కనబడలేదు.

చేసిన పనికి సొమ్ము రాబట్టుకొను విషయమున 2006వ సంవత్సరపు చిన్నపరిశ్రమల చట్టము గట్టిది. నమోదు చేసికొన్న చిన్న ఉత్పత్తిదారుకు 45 దినములు దాటకుండ చెల్లింపవలెను; దాటినచో రిజర్వు బ్యాంకు రేటునకు మూడు రెట్ల వడ్డి, నెలనెలకు చక్రవడ్డిగా పడును. నమోదైన నేతగాడు ఎందరకు ఈ సంగతి తెలియునో! 2020లో పార్లమెంటు ఆమోదింపగా 2025 నవంబరులో అమలునకు వచ్చిన సామాజిక భద్రతా స్మృతి, యాపుల ద్వారా బండ్లు నడుపువారికిని సరుకులు చేర్చువారికిని ఒక పేరు పెట్టి, వారికొక నిధి నేర్పరచుటకు కంపెనీలు తమ రాబడిలో నూటికి ఒకటి రెండు వంతులు ఇయ్యవలెనన్నది. ఇది జబ్బునకు, ముసలితనమునకు పనికివచ్చును. పని నిలిచిన దినమునకు గాదు.

కొనువాడు ప్రభుత్వమే యైనచో నేమగునో చూచుటకు సిరిసిల్లకు పోవలెను. అచ్చట యజమానుడు నూలిచ్చును. 'ఆసామి' యనువాడు నాలుగెనిమిది మరమగ్గములు పెట్టుకొని కూలికి నేయించును. వాని క్రింద కార్మికులుందురు. 2017నుండి తెలంగాణ ప్రభుత్వము బతుకమ్మ చీరెలను అచ్చట నేయించుచుండగా, వందలకొలది ఆసాములు ఆ యొక్క పనికే తమ మగ్గములను దిద్దుకొనిరి. 2024లో ఆ చీరెల పని రాలేదు. పిమ్మట మహిళాసంఘముల సభ్యులకు వేరు చీరెలు నేయించు ఉత్తరువు వచ్చినది గాని, నడుమ గడచిన నెలలు గడచినవే. ఏ ప్రభుత్వమును నిందించుటకు ఇది వ్రాయుట లేదు. పథకములు మార్చుకొనుట ప్రభుత్వముల హక్కు. అయితే ఒక్క గిరాకికే ఊరినంతను అలవాటు చేసినవాడు, మానునప్పుడు ఎన్ని నెలల ముందు చెప్పవలెను, ఆ నడుమ కాలమునకు ఎవరు పూచీ యను సంగతి ఉత్తరువులోనే వ్రాసియుంచినచో నేమి నష్టము? 1833వ సంవత్సరపు శాసనకర్తలకు వాటాదారుల విషయమున ఈ బుద్ధి పుట్టినదిగదా.

సహకార సంఘములు దీనికి మందని చెప్పువారున్నారు. సంఘములో సభ్యుడు తనకు తానే యజమానుడు గావున పని నిలుపువాడుండడని వారి వాదము. మేమును యువకులుగా నుండినప్పుడు అట్లే యుపన్యసించితిమి. సంఘము గోదాములో సరుకు పేరుకొన్న నాడు కార్యదర్శియు షావుకారువలెనే 'చూతము' అనుట తరువాత వింటిమి. సంఘమువలన లాభము లేదనుట లేదు. లెక్కపుస్తకము సభ్యునికి చూపవలసియుండుటయే పెద్ద లాభము.

మా విద్యార్థి తండ్రికి మేము చేసిన యుపకారము బహు కొంచెము. ఆతని చీటీలన్నియు ఏర్చి, ఆతని పేర షావుకారునకు ఒక జాబు వ్రాసితిమి. పని యిచ్చు తలంపున్నచో నేనాటికో తెలుపవలెననియు, లేనిచో బయానా బాకీకిని, చివర దింపిన రెండు పడుగుల కూలికిని లెక్కకట్టి చీటి యిప్పింపవలెననియు, దావా గడువు మూడేండ్లే యగుటచే నీ జాబు నకలు తన యొద్ద నుంచుకొన్నట్లును అందు వ్రాసితిమి. సంతకము పెట్టునప్పుడు ఆతని చేయి వణకెను. "ఆయనకు కోపమొస్తుందేమో పంతులుగారూ" అనెను. భార్య దీపము దగ్గరగా జరిపి, "పెట్టు" అనెను.

జాబునకు జవాబు రాలేదు. ఆరవనాడు షావుకారు మనిషి రెండు పడుగుల నూలు తెచ్చి గుమ్మములో దింపి పోయెనట. బాకీ లెక్క ఇంతవరకు చేతికి రాలేదు. బాలుడును బడికి రాలేదు. తల్లితో కూర్చుండి కండెలు చుట్టుచున్నాడని విన్నాము.